హద్దా పూచీ

మా ఊళ్ళో పెళ్ళికొడుకును వెతకడం సులువు, ప్లంబర్‌ను వెతకడమే కష్టం. పెళ్ళికొడుకు కనీసం అన్న రోజుకు వస్తాడు. ప్లంబరు "దేవుడు తలిస్తే రేపు" అంటాడు. ఆ తలపు దేవుడికి ఎప్పుడు కలుగుతుందో ఎవరికీ తెలియదు. అందుకే సెతీఫ్ పట్నానికి ఉత్తరాన మెట్ట మీదున్న మా చిన్న ఊళ్ళో కొళాయి కారినా, గోడకు చెమ్మ పట్టినా, గ్యాస్ హీటర్ పెట్టించాలన్నా, ఆడవాళ్ళు ముందుగా హమామ్‌కే, అంటే ఊరి ఆవిరి స్నానశాలకే, వచ్చేవాళ్ళు. స్నానం ఒక వంక. అసలు పని హద్దాను అడగడం.

హద్దా మా హమామ్‌లో వీపులు రుద్దే మనిషి. నేను గుమ్మం దగ్గర గల్లాపెట్టె ముందు కూర్చునేదాన్ని. లోపల ఆవిర్లలో ఆమె, బయట చలిలో నేను, ఇరవై ఏళ్ళకు పైగా కలిసి పనిచేశాం. భారీ మనిషి. ముంజేతులు రొట్టెలు కాల్చేవాడి చేతుల్లా ఉండేవి. ఆ చేతి కింద పడుకున్న ఆడది అబద్ధం ఆడలేదు. వేడికి ఒళ్ళు మెత్తబడుతుంది, ఒంటితో పాటు నోరూ మెత్తబడుతుంది. హద్దా తన విచారణ అప్పుడు మొదలుపెట్టేది.

పనివాణ్ణి గురించి పనివాణ్ణి ఎప్పుడూ అడిగేది కాదు, వాడి పెళ్ళాన్ని అడిగేది. "మీ ఇంట్లో కొళాయి కారుతుందా? మీ ఆయన వస్తానన్న వేళకు భోజనానికి వస్తాడా? పిల్లలకు ఇస్తానన్నది ఇస్తాడా?" ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు కదా, ఆమె లెక్క అదే. అన్ని జవాబులూ నచ్చితే, ఆ తర్వాత ఎవరైనా వచ్చి "పిన్నీ, మంచి మేస్త్రీ ఉంటే చెప్పవూ" అన్నప్పుడు పేరు చెప్పి, అరచేత్తో తన మెడ తాకి, "నా మెడ మీద" అనేది.

మా వాళ్ళల్లో అది చిన్న మాట కాదు. ఆ మాట అన్నాక పని చెడితే రేపు దేవుడి ముందు నిలబడి జవాబు చెప్పాల్సింది అన్నవాళ్ళే. అందుకే ఎంత దగ్గరి చుట్టాన్ని గురించి అడిగినా జనం "మంచివాడంటున్నారు" అని గోడ మీది పిల్లిలా తప్పుకుంటారు. హద్దా తప్పుకునేది కాదు. దానికి కారణం ఉంది. ఆమె మొగుడు పెళ్ళయిన కొత్తలోనే పోయాడు. ఎవరో ధనవంతుడి తోటలో కూలికి వెళ్తే, కొత్తగా కట్టిన గోడ కూలి మీద పడింది. ఆ గోడ కట్టినవాణ్ణి ఊరంతా తిట్టింది. వాణ్ణి "చేయి తిరిగినవాడు" అని పంపిందెవరని హద్దా ఏళ్ళ తరబడి అడిగింది. ఒక్కరూ నేనని ఒప్పుకోలేదు.

"పని చెడితే పనివాడు కనబడతాడు, తుర్కియా," అనేది నాతో. "వాణ్ణి పంపినవాడు మాత్రం ఎప్పుడూ కనబడడు. నేను కనబడతాను."

అలాంటి మనిషి మెడ మీద ఎక్కినవాడు బూజమా.

అన్నాబా నుంచి పెళ్ళాం వహీబాతో వచ్చి మా వీధి మలుపులో కొట్టు పెట్టుకున్నాడు. ప్లంబరే, కానీ తొమ్మిదింటికి వస్తానంటే తొమ్మిదింటికే వచ్చేవాడు! మొదటిసారి వచ్చినప్పుడు ఓ ఇంటామె నమ్మలేక, దొంగేమోనని తలుపు తీయలేదట. పనయ్యాక చీపురడిగి తానే ఊడ్చేవాడు. గొంతు పెంచేవాడు కాదు. హద్దా వహీబాను మూడు నాలుగు స్నానాల పాటు రుద్ది రుద్ది అడిగి, ఇంటి కొళాయి కారదని తేల్చుకుని, అప్పుడు మెడ తాకింది. ఆ శరదృతువులో ఊళ్ళో సగం ఇళ్ళకు గ్యాస్ హీటర్లు పెట్టింది అతనే.

ఫత్తూమ ఇంట్లోనూ అతనే పెట్టాడు. ఫత్తూమ కొడుకు అజ్జూజ్ లారీ తోలుకుంటూ ఎడారి వైపు పోతే నెలకోసారి ఇల్లు చూస్తాడు. ఇంట్లో అత్తాకోడళ్ళిద్దరే. కోడలు నువారాకు అప్పుడు నెలలు నిండుతున్నాయి. ఆమె పడుకునే గదిలో ఫ్రెంచివాళ్ళ కాలం నాటి పెద్ద ఇటుకల పొగగొట్టం ఉంది. హీటర్ పొగ అందులోంచి పోవాలి. పద్ధతి ప్రకారం లోపలంతా ఇనుప గొట్టం దించి, కప్పు పైన ఇంకాస్త ఎత్తుకు లేపి, దాని నెత్తిన టోపీ పెట్టాలి. పని చూడటానికి వెళ్ళిన హద్దా అడిగింది కూడా. నేను పక్కనే ఉన్నాను.

"పైదాకా వేశావా?"

"వేశాను, పిన్నీ. టోపీ కూడా పెట్టాను."

వీధిలోంచి చూస్తే కప్పు అంచు అడ్డం వస్తుంది, పొగగొట్టం నెత్తి కనబడదు. కప్పెక్కి చూడటానికి ఆమె పిల్ల కాదు. పైగా అతను అంతవరకూ ఒక్క అబద్ధం ఆడింది లేదు. నమ్మింది.

శీతాకాలం సగం గడిచింది. నువారా ఆడపిల్లను కంది. అదే నెలలో కొంగలు తిరిగొచ్చాయి. ఎర్రకాళ్ళ పెద్ద కొంగలు, ప్రతి ఏడూ మా మసీదు మినారు మీదే కాపురం పెట్టేవి. ఈసారి మినారుకు మరమ్మతులు. చుట్టూ పరంజీలు కట్టేసి ఉంటే, ఆ జంట రెండ్రోజులు ఊరి మీద చక్కర్లు కొట్టి, చివరికి ఫత్తూమ ఇంటి పొగగొట్టం మీద వాలింది. ఒక్కో పుల్లా తెచ్చి పేర్చడం మొదలుపెట్టింది.

అబ్బ, ఆ సంబరం చూడాలి! కొంగ మక్కా చూసొచ్చిన పక్షి అంటారు మా వాళ్ళు. అది వాలిన ఇంటికి కీడు రాదు, దాని గూడు కదిపితే ఇల్లు కదులుతుంది. అందులోనూ పచ్చి బాలింత ఉన్న ఇల్లు! ఫత్తూమ రవ్వా తేనే వెన్నా కలిపి తమీనా చేసి వీధంతా పంచింది. హద్దా తమీనా తిని, వీధిలో నిలబడి, కప్పు వైపు చూస్తూ నాలుక ఆడించి పెళ్ళిలోలాగా జయజయధ్వానం చేసింది. ఆ గూడు కింద ఏముందన్నది ఒక్కరికీ తట్టలేదు. కళ్ళుండి చూడలేదంటే అదే.

నువారా నలభయ్యో రోజు స్నానం గురువారం వచ్చింది. బాలింత ఆ రోజు బిడ్డతో హమామ్‌కు వచ్చి, తలారా పోయించుకుని, మళ్ళీ ఊళ్ళో పడుతుంది. ఊరు మంచుతో తెల్లగా ఉంది. హద్దా పొద్దున్నే రాతి అరుగు కడిగి, బాలింత కోసమని మంచి మూల ఆపి ఉంచింది. మధ్యాహ్నం కాకముందే ఫత్తూమ ఒక్కతే వచ్చింది, చేతిలో గోరింటాకు గిన్నె, తువ్వాళ్ళ మూటా.

"కోడలేదీ?" అన్నాను.

"వస్తుంది మహారాణి. ఈ కాలం పిల్లలు ఒక బిడ్డను కంటే దేశాన్ని గెలిచినట్టే కదా! రెండ్రోజుల్నుంచీ తలనొప్పంట, కడుపులో తిప్పడమంట. పొద్దున లేపితే కళ్ళు తెరవదే! సరే తల్లీ, కాసేపు పడుకుని బిడ్డనెత్తుకుని రా, నేను ముందెళ్తానన్నా."

లోపలికెళ్ళి హద్దాకూ అదే పాట పాడింది. నేను వేడినీళ్ళ సంగతి కనుక్కోవడానికని వెనకాలే వెళ్ళాను.

"జ్వరమా?" అంది హద్దా, ఎవరి వీపో రుద్దుతూ.

"జ్వరమా పాడా, గారం. ఒళ్ళు వెచ్చగానే ఉంది. గదిని పొయ్యిలా ఉంచాగా! తలుపు కింద కంబళి పెట్టా. గోడలో ఆ మేస్త్రీ ఒక కంత వదిలిపెట్టాడు, ఈదరగాలి దూరిపోతుంటే అందులో నా పాత స్వెట్టర్ కుక్కేశా. పసిబిడ్డకు చలి తగలదూ?"

హద్దా చేయి కొంచెం నెమ్మదించింది.

అదే సమయానికి అవతలి అరుగు మీద నలుగురైదుగురు చేరి మొగుళ్ళను ఏకుతున్నారు. ఆవిరి గదిలో అది మామూలే. ఒకామె మొగుడు బల్లికి భయపడతాడు, ఇంకొకామె మొగుడు అత్తగారికి భయపడతాడు. వహీబా నవ్వలేక నవ్వుతూ అందుకుంది.

"మీవాళ్ళు నయమే. మా ఆయన కుర్చీ ఎక్కి బల్బు మార్చమంటే ముచ్చెమటలు పోస్తాడు! అన్నాబాలో ఉన్నప్పుడు కప్పు మీంచి పడ్డాడులే. అప్పట్నుంచీ మూడు మెట్లెక్కితే కళ్ళు తిరుగుతాయి. మా ఇంట్లో బల్బులు మార్చేది నేనే."

అందరూ పకపకా నవ్వారు. హద్దా నవ్వలేదు. ఆమె చేయి ఆ వీపు మీదే ఆగిపోయింది.

"వహీబా, మరి పొగగొట్టాలకు కప్పులెక్కేది ఎవరే?"

వహీబా నవ్వు సగంలో ఆగింది. "ఏమో పిన్నీ... కిందనుంచే చేస్తాడేమో. నాకేం తెలుసు."

హద్దా చేతి తొడుగు తీసి నేల మీద పడేసింది. ఆమె ముఖం చూసి నాకూ అప్పుడే అర్థమైంది. మా మెట్ట మీద ప్రతి శీతాకాలం ఎక్కడో ఒక కుటుంబం నిద్రలోనే పోతుంది. పొగ బయటికి పోకపోతే గదిలో నిండే ఆ గ్యాస్‌కు రంగుండదు, వాసనుండదు. రేడియోలో చెబుతారు, అయ్యో పాపం అంటాం, లేచి వెళ్ళి కిటికీ సందులో గుడ్డ కుక్కుతాం.

"ఫత్తూమా, ఇంటి తాళంచెవి ఇవ్వు."

"ఒంటి మీద సబ్బుంటే తాళంచెవేంటే? అయినా దేనికి, నేనొస్తుంటే అది తూలుకుంటూ లేచొచ్చి లోపల గడియ పెట్టుకుంది."

హద్దా తడి గుడ్డ మీదనే, గుమ్మం దగ్గర తగిలించి ఉన్న నా నల్ల మెలాయా ముసుగు లాగి కప్పుకుని, చెక్క చెప్పులతో మంచులోకి పరుగెత్తింది. నేను గల్లాపెట్టె అలాగే వదిలేసి వెనకాల పడ్డాను. తల తడితో, కాళ్ళు బయటపెట్టుకుని ఒక ఆడది నడివీధిలో పరుగెత్తడం మా ఊరు ఎప్పుడూ చూడలేదు. టీ కొట్టు ముందు మగాళ్ళు గ్లాసులు పట్టుకుని అలా నిలబడిపోయారు. మలుపులో బూజమా కొట్టు దగ్గర ఆమె ఆగకుండానే అరిచింది.

"నిచ్చెన తీసుకుని రా! ఫత్తూమ ఇంటికి! ఇప్పుడే!"

తలుపు బాదాం. పిలిచాం. కిటికీకి ఇనుప ఊచలు, వాటి లోపల చెక్క తలుపులు. "నువారా! నువారా, నేనే, హద్దాను!" పసిబిడ్డ ఏడుపు వినిపించినా ప్రాణం కుదుటపడేది. లోపల చప్పుడు లేదు. కప్పు మీద కొంగలు మాత్రం ముక్కులు టకటకలాడిస్తున్నాయి.

బూజమా నిచ్చెనతో వచ్చాడు. విషయం ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. ముందుగా గోడలోని పెట్టె తెరిచి గ్యాస్ కట్టేశాడు. ఆ పని చేసేటప్పుడు అతని చేతులు ఎప్పటిలాగే నిదానంగా ఉన్నాయి. తర్వాత పక్కింటి పెరట్లోకి వెళ్ళి కప్పుకు నిచ్చెన వేశాడు. అక్కణ్ణుంచి పెంకుల మీదుగా దాటితే ఫత్తూమ ఇంటి నడిమి వాకిట్లోకి దిగొచ్చు. ఒక మెట్టెక్కాడు. రెండెక్కాడు. మూడో మెట్టు మీద కాలు పెట్టి ఆగాడు. నిచ్చెన గడగడమంటోంది. వణుకుతున్నది నిచ్చెన కాదు, అతను.

"ఎక్కు!" అన్నారు వెనకాల చేరినవాళ్ళు. "ఎక్కవయ్యా!"

అతను పై మెట్టు పట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. హద్దా అతని పక్కకు వెళ్ళి మెల్లగా అడిగింది. నాకు మాత్రమే వినబడింది.

"నిజం చెప్పు. ఆ రోజు పైకెక్కావా?"

అతను తల అడ్డంగా ఊపాడు.

"దిగు," అంది.

అరవైకి దగ్గరపడిన మనిషి, మోకాళ్ళ నొప్పులతో రాత్రిళ్ళు మూలిగే మనిషి, మెలాయా నా మీద పడేసి నిచ్చెనెక్కింది. నేనూ బూజమా చెరో వైపు పట్టుకున్నాం. పైన పెంకుల మీద మంచు. ఆమె బోర్లా పడి పాకుతూ కనబడకుండా పోయింది. ఒక పెంకు జారి మా కాళ్ళ దగ్గర పగిలింది. కొంగ ఒకటి రెక్కలు విప్పి లేచింది. ఆ తర్వాత అవతలి వైపు ధబ్బుమని చప్పుడు.

ఇక ఏమీ వినబడలేదు. మేమంతా వీధి తలుపు ముందుకొచ్చి చెవులు ఆనించి నిలబడ్డాం. బూజమా గోడకు ఆనుకుని, నోట్లో ఏదో గొణుక్కుంటున్నాడు. ప్రార్థనో, పెళ్ళాం పేరో నాకు తెలియదు. అతణ్ణి చంపేయాలన్నంత కోపం వచ్చింది నాకు, ఆ క్షణంలో నిజంగానే వచ్చింది. అప్పుడు గడియ గీసుకున్న చప్పుడైంది.

హద్దా చేతుల్లో బిడ్డ. బుగ్గలు గులాబీలా ఎర్రగా, మెడ వేలాడిపోతూ. "దీన్ని పట్టుకో, గాలి తగలనీ!" అని నా చేతుల్లో పెట్టి మళ్ళీ లోపలికి పోయి, నువారాను చంకల కింద పట్టుకుని గుమ్మం దాకా ఈడ్చుకొచ్చింది. అప్పుడు బిడ్డను నా దగ్గర్నుంచి లాక్కుని ఆ చల్లగాలిలో వీపు రుద్దడం మొదలుపెట్టింది. ఊళ్ళో వీపులన్నీ రుద్దిన చేయి. రుద్దుతూ "ఏడువే, ఏడువే తల్లీ, నన్ను తిట్టవే" అంటూ ఉంది. బిడ్డ పిల్లికూనలా ఒకసారి మూలిగింది. మళ్ళీ రుద్దింది. ఈసారి వీధి చివరిదాకా వినబడేలా ఏడ్చింది. నువారా కళ్ళు తెరవకుండానే వాంతి చేసుకుంది. మందుల షాపతను కారు తెచ్చి ఇద్దర్నీ ఆసుపత్రికి తీసుకెళ్ళాడు.

కారు మలుపు తిరగ్గానే, వేరింట్లో ఉండే అజ్జూజ్ తమ్ముడు బూజమా గొంతు పట్టుకున్నాడు. అప్పుడే ఫత్తూమ సగం సబ్బు జుట్టుతో పరుగెత్తుకొచ్చి గుండెలు బాదుకుంటోంది. జనం ఊగిపోతున్నారు.

"వాణ్ణి వదులు," అంది హద్దా. "పంపింది నేను. మెడ నాది. పిసకాలంటే ఇదిగో."

ఆమె మోచేతులు చీరుకుపోయి నెత్తురు కారుతున్నాయి. అతను చేయి తీసేశాడు. ఆమె బూజమా వైపు తిరిగింది.

"ఇంకా ఎవరెవరి కప్పు ఎక్కలేదు?"

బూజమా నేల చూపులు చూశాడు. "ఏ కప్పూ ఎక్కలేదు, పిన్నీ."

మొగుడు పోయిన నాటి ఆమె ముఖం గురించి విన్నాను గానీ, దాన్ని చూసింది ఆ సాయంత్రమే. ఒక్కసారిగా ముసలిదైపోయింది. పొద్దు వాలుతోంది. ఇంకాసేపట్లో ఊళ్ళో ప్రతి ఇంట్లో హీటర్లు పెద్దవి చేస్తారు, సందులు మూస్తారు, పిల్లల్ని పడుకోబెడతారు. వాటిలో సగం ఆమె మాట మీద బూజమా హీటర్ పెట్టిన ఇళ్ళే. అవి ఏవో ఎవరినీ అడగాల్సిన పని లేదు.

"నిచ్చెన ఎత్తుకో," అంది. "పద."

ఆ సాయంత్రం నేను ఆమె వెంట గుమ్మం గుమ్మం తిరిగాను. ప్రతిచోటా ఒకే మాట. "నేను చూడకుండా చెప్పాను. నా మాట నమ్మొద్దు. హీటర్ ఆపెయ్యండి." ఒకామె చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని, "నిన్ను చూసి కదా మేం కళ్ళు మూసుకున్నాం," అంది. ఇంకొకామె నవ్వింది. "శీతాకాలం సగం అయిపోయింది పిన్నీ, ఇన్నాళ్ళూ చావనివాళ్ళం ఇవాళ చస్తామా?" హద్దా నిచ్చెన వేయించి, కప్పెక్కి, పొగగొట్టంలో చేయి పెట్టి, చంకెడు గడ్డీ ఈకలూ రెండు చచ్చిన పిట్టల్నీ లాగి ఆమె వాకిట్లో పడేసింది. ఆ ఇంటామె లోపలికెళ్ళి పిల్లల్ని బయటికి తీసుకొచ్చింది.

కింద నిచ్చెన పట్టుకున్నది బూజమా. ఎక్కడ చేయి పెట్టాలో, ఇటుక కదులుతుందో లేదో ఎలా చూడాలో, కిందనుంచి చెబుతున్నాడు. ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి నడుస్తూ అతనే అన్నాడు.

"ఎక్కలేనని చెబితే నన్నెవరు పిలుస్తారు పిన్నీ? ఎక్కలేని ప్లంబరు ఎవరిక్కావాలి?"

"ఎక్కలేకపోవడం సిగ్గు కాదురా," అంది హద్దా. "ఎక్కానన్నావు చూడు, అదీ. భయం నీది. దాన్ని తీసుకెళ్ళి ఆ పసిగుడ్డు పక్కలో పడుకోబెట్టావు."

అతను ఏడ్చాడు. ఆమె ఓదార్చలేదు, వేగం తగ్గించలేదు.

తర్వాతి వారాల్లో ఆ ఇళ్ళన్నింటికీ గొట్టాలు పైదాకా పడ్డాయి. కింద అతను కొలిచి, కోసి, అందిస్తాడు. పైన ఆమె బిగిస్తుంది. హమామ్ మూసేశాక వెళ్ళేది, సెలవు రోజున వెళ్ళేది. టీ కొట్టు మగాళ్ళకు కావలసినంత కాలక్షేపం. "ప్లంబరు నేల మీద, ముసలమ్మ నింగిలో!" అని కేకలేసేవాళ్ళు. బూజమాను ఎదురుగా "నిచ్చెన కాపలాదారు" అనేవాళ్ళు. అతను తలవంచుకుని వినేవాడు, మర్నాడు మళ్ళీ అన్న వేళకు వచ్చేవాడు. వహీబా మాత్రం హమామ్‌కు రావడం మానేసింది.

హమామ్‌లో హద్దాను అడిగేవాళ్ళు లేకుండా పోయారు. కారే కొళాయి గురించి మాట్లాడుకుంటున్న ఆడవాళ్ళు ఆమె దగ్గరికొస్తే మాట మార్చేసేవాళ్ళు. ఎవరూ పరుషంగా ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది. ఆమె వచ్చిన వీపు రుద్ది, నీళ్ళు పోసి, పక్కకు జరిగేది. ఆమె మెడ వైపు చేయి వెళ్ళబోయి మధ్యలోనే కిందికి దిగడం ఒకటి రెండుసార్లు చూశాను.

చలి కాస్త విరిగాక నువారా వచ్చింది. ఆగిపోయిన నలభయ్యో రోజు స్నానం. మనిషి సగమైపోయింది గానీ నవ్వుతోంది. బిడ్డ నా ఒళ్ళో గుప్పిళ్ళు నములుతోంది. ఫత్తూమ తువ్వాళ్ళ మూటతో వెనకే ఉంది. హద్దా గోరింటాకు పెట్టింది, రుద్దింది. లోపలున్న ఆడవాళ్ళందరూ మాట్లాడుతున్నట్టు నటిస్తూ వాళ్ళనే చూస్తున్నారు.

"పిన్నీ," అంది నువారా, "మా గదికి మళ్ళీ హీటర్ పెట్టించాలి. గూడు తీయలేం, కొంగ గుడ్లు పెట్టేసింది. పక్క గోడలోంచి కొత్త గొట్టం పైకి లేపాలంట. ఎవర్ని పిలవమంటావు?"

ఆడవాళ్ళు చెంబులు కింద పెట్టారు.

"నన్నడగొద్దు తల్లీ," అంది హద్దా. "ఊళ్ళో ఇంకెవరినైనా అడుగు."

"అడిగాను. అందరూ 'మంచివాడంటున్నారు' అంటున్నారు. మంచివాడని ఎవరూ అనడం లేదు."

హద్దా చెంబు అందుకుంది. నీళ్ళు చల్లారిపోయాయేమో, పారబోసి మళ్ళీ నింపుకుంది.

"బూజమాను పిలు," అంది చివరికి.

ఫత్తూమ చేతిలోంచి మూట జారిపోయింది. "వాణ్ణా? నా కోడల్ని చంపబోయినవాణ్ణా?"

"వాణ్ణే. ఏం చేయలేడో ఊరంతటికీ తెలిసింది ఒక్క వాడి గురించే. మిగతావాళ్ళు ఏం చేయలేరో నాకు తెలియదు. నేను చూసింది చెబుతున్నా, విన్నది కాదు."

"మరి పైకెవరెక్కుతారు?" అంది నువారా.

"నేను."

ఫత్తూమ ఏదో అనబోయింది. నువారా తల వెనక్కి వాల్చి హద్దా మోకాళ్ళ మీద పెట్టి కళ్ళు మూసుకుంది.

"రేపు పొద్దున్నే రమ్మను పిన్నీ," అంది. "ఇప్పుడు నీళ్ళు పొయ్యి, చలేస్తోంది."